ఫెయిర్ వెదర్‌లో పందొమ్మిది అంగుళాలు

1926 జులై పద్నాలుగో తేదీ ఉదయం ఎనిమిది గంటలకు సిరిగెడ్డ ఠాణాలో డిప్యూటీ తాసీల్దారు కచేరీ వెనక ఉన్న వానగిన్నెలోంచి గాసి ఎనిమిది గొట్టాల నీళ్లు కొలిచి పారబోశాడు. తొమ్మిదో గొట్టంలో నీళ్లు ఒక పెద్ద గీత దాకా వచ్చి ఆగాయి. గొట్టానికి అర అంగుళం, పెద్ద గీతకు పది సెంట్లు, అంటే అంగుళంలో పదో వంతు. గాసికి చదువు రాదు కాని ఈ లెక్క వచ్చు. కచేరీ అరుగు మీదికి వెళ్లి, గోనెసంచి గొడుగు దులుపుకుని, "నాలుగంగుళాల పది సెంట్లు బాబూ" అని చెప్పాడు. లోపల గుమాస్తా జగన్నాథరావు కారుతున్న కప్పు కింద నుంచి బల్లను జానెడు పక్కకు జరుపుకుని, రిజిస్టరులో వాన గడిలో 4.10 అని రాశాడు. పక్కనే 'వెదర్' అన్న గడిలో, గుండ్రటి చేతిరాతతో, ఫెయిర్ అని రాశాడు.

గాసిది అరకు లోయకు ఎగువన ఏడిళ్ల ఊరు. అప్పటికి అతనికి నలభై ఏళ్లు ఉండవచ్చు. పుట్టిన సంవత్సరం ఎవరూ రాసిపెట్టలేదు, అతను పుట్టేనాటికి ఆ కొండ మీద రాసేవాడు లేడు. చోడి, సామ పండించుకునేవాడు. దొరలు, తాసీల్దార్లు సర్క్యూటుకు, అంటే పర్యటనకు, వచ్చినప్పుడల్లా ఊరికి ఇంతమంది అని పిలుపు వచ్చేది. వెళ్లి మూటలు మొయ్యాలి. కూలి ఇస్తామని కాగితంలో ఉండేది, కాగితం కచేరీలో ఉండేది. ఆ మోతల్లోనే ఓసారి అనంతగిరి ఘాటులో ఎవరిదో అద్దాల బీరువా నెత్తిన పెట్టుకుని దిగుతూ జారాడు. బీరువా అద్దం పగిలింది, గాసి కుడి మోకాలి చిప్ప పగిలింది. అద్దం గురించి విచారణ జరిగింది.

ఆ ఏడాదే ఠాణాకు వానగిన్నె వచ్చింది. రాగి గరాటు, కింద సీసా, కొలవడానికి గీతల గాజు గొట్టం. రోజూ ఎనిమిదింటికి చూసి చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఎక్కువ నడవక్కర్లేని పని కనుక ఎక్కువ నడవలేని మనిషికి ఇచ్చారు. నెలకు జీతమని కొంత ఉండేది, కాని గాసికి కావలసింది అది కాదు. పనితో పాటు తాడుతో కట్టుకునే ఇత్తడి బిళ్ళ ఇచ్చారు. బిళ్ళ ఉన్నవాడు సర్కారు మనిషి. సర్కారు మనిషిని మూటలకు పిలవకూడదు. మొత్తం కొండ మీద రూలు పాటించిన సందర్భం ఏదన్నా ఉందంటే అదే. గాసి ఆ బిళ్ళను నిద్రలో కూడా తియ్యలేదు. పెళ్లాం సోములమ్మ దాన్ని చింతపండుతో తోమిపెట్టేది.

ఇక జగన్నాథరావు సంగతి. విజయనగరం వాడు. మెట్రిక్యులేషన్‌కు మూడుసార్లు కూర్చున్నాడు, మూడుసార్లూ లేచి వచ్చాడు. దస్తూరీ మాత్రం ముత్యాల్లా ఉండేది. చలిజ్వరానికి భయపడి ఎవరూ ఎక్కని కొండకు ఆ దస్తూరీయే అతన్ని ఎక్కించింది. కచేరీలో అతని ఉద్యోగం ఫెయిర్ గుమాస్తా. అంటే డిప్యూటీ తాసీల్దారు గారు చిత్తు రాస్తే జగన్నాథరావు సాపు రాయాలి. చిత్తు అంటే డ్రాఫ్టు, సాపు అంటే ఫెయిర్. అతనికి తెలిసిన ఫెయిర్ అది ఒక్కటే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవిన పడేదీ అదే. "ఇది ఫెయిర్ చెయ్యి", "ఇంకా ఫెయిర్ కాలేదా", "ఫెయిర్ అయితే తపాలాలో వెయ్యి."

జూన్ నెలలో అతను వచ్చి చేరాడు. వెనకటి గుమాస్తా జనవరి నుంచి మే దాకా నింపిన వాన రిజిస్టరు అప్పగించి, కొండ దిగే తొందరలో ఒక్క మాటా చెప్పకుండా దిగిపోయాడు. జగన్నాథరావు తిరగేసి చూశాడు. ప్రతి వరస చివరా ఫెయిర్ అని ఉంది. ఎండాకాలం కనుక ఉంది. జగన్నాథరావుకు మాత్రం వెనకటివాడి పద్ధతి ముచ్చట గొలిపింది. ఏ వరసకు ఆ వరస సాపు చేసినట్టు కింద రాసిపెట్టుకున్నాడు, ఎంత ఒద్దిక అనుకున్నాడు. ఆ ఒద్దిక తనూ తప్పలేదు. జూన్‌లో తొలకరి పడింది, ఫెయిర్. జులైలో ముసురు పట్టింది, ఫెయిర్. గెడ్డ పొంగి సంత కొట్టుకుపోయిన రోజు కచేరీలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి రిజిస్టరును గుండెకు హత్తుకుని రాశాడు, ఫెయిర్. ప్రతి వరస కిందా డిప్యూటీ గారు సంతకం చేశారు. చదివి చేస్తే సంతకానికి టైము చాలదని ఆయన అభిప్రాయం.

జులై కాగానే రిజిస్టరు నకలు కొండ కింద ఉన్న పై అధికారుల కచేరీకి వెళ్లింది. కిందివాళ్లు లెక్క కూడారు. జులై నెల వాన పందొమ్మిది అంగుళాల అరవై సెంట్లు. వెదర్, ముప్పై ఒక్క రోజులూ ఫెయిర్. మబ్బు లేని ఆకాశంలోంచి పందొమ్మిది అంగుళాల వాన. ఇలాంటి చోట ఎవరికైనా నవ్వు రావాలి, కాని కచేరీలో నవ్వడానికి పద్దు లేదు. మెమో వచ్చింది. ఫెయిర్ వెదర్‌లో ఇంత వర్షపాతం ఎలా సంభవించినదీ సంజాయిషీ పంపవలసినది.

మెమో చూసి జగన్నాథరావుకు అవమానమైంది. తన సాపుకు వంక పెడుతున్నారనుకున్నాడు. ఆ పూట భోజనం మానేసి జవాబు తయారు చేశాడు. ఈ కచేరీలో వెదర్‌ను తాను స్వయంగా ప్రతిరోజూ ఫెయిర్ చేస్తున్నానని, డిప్యూటీ తాసీల్దారు గారి ఉత్తర్వుల ప్రకారమే చేస్తున్నానని, ఫెయిర్ కాని వెదర్ ఈ కచేరీ నుంచి ఇంతవరకు ఒక్కరోజు కూడా బయటికి పోలేదని మనవి చేసుకున్నాడు. ఇంగ్లీషులో అది ఇంకా గంభీరంగా ఉంది. డిప్యూటీ గారు సంతకం చేశారు.

కిందివాళ్లకు అందులో ఒక్కటే అర్థమైంది. వెదర్ ఫెయిరేనని డిప్యూటీ తాసీల్దారు సంతకం మీద ధ్రువపడింది. అటువైపు ముత్యాల్లాంటి ఇంగ్లీషు, ఇటువైపు చదువురాని కొండవాడి నోటిమాట. ఏది అబద్ధమో తేల్చడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, వాళ్ల దగ్గర ఉన్నంత చాలు. రెండో మెమో వచ్చింది. కొలిచేవాడు దురుద్దేశంతో గిన్నెలో గెడ్డ నీళ్లు పోస్తున్నట్టు తోస్తున్నది. పితూరీ అణిగి రెండేళ్లే అయినందున ఈ ప్రాంతీయుల చేష్టలను తేలిగ్గా తీసుకోరాదు. విచారించి రిపోర్టు చేయవలసినది.

అప్పుడు డిప్యూటీ గారు రిజిస్టరు చదివారు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. ఫెయిర్, ఫెయిర్, ఫెయిర్ అని వేలు పెట్టి కిందికి దిగుతూ, బయట కురుస్తున్న జడిని కిటికీలోంచి చూశారు. జగన్నాథరావును పిలిచి, ఈ గడిలో ఏం రాస్తున్నావని మెల్లగా అడిగారు. సాపు చేసినట్టండి అన్నాడతను. డిప్యూటీ గారు రిజిస్టరు మూసి లెక్క వేసుకున్నారు. నిజం కింద కచేరీకి రాస్తే పోయేది గుమాస్తా పరువు కాదు. జులై నెలలో ముప్పై ఒక్క సంతకాలు, సంజాయిషీ మీద ఒకటి, వెరసి ముప్పై రెండు సంతకాలు కళ్లు మూసుకుని చేసినట్టు తనే ఒప్పుకోవాలి. గాసి సంగతైతే ఒక్క బిళ్ళతో పోతుంది. గాసిని పిలిపించారు.

విచారణ అరుగు మీద జరిగింది. గిన్నెలో నీళ్లు పోశావా అని డిప్యూటీ గారు అడిగారు. పోయలేదన్నాడు గాసి. మరి నీళ్లు ఎవరు పోశారన్నారు.

"పైనోడు పోసినాడు బాబూ."

"పైవాడంటే ఎవడు?"

గాసి ఆకాశం కేసి చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి మీద కూడా చినుకులు పడ్డాయి. జగన్నాథరావు వాంగ్మూలం సాపు రాశాడు. ముద్దాయి తన పైవాడి ప్రోద్బలంతో నీళ్లు పోయబడినట్టు ఒప్పుకున్నాడు, పైవాడి పేరు అడగగా చెప్పడానికి నిరాకరించాడు. గాసి కింద వేలిముద్ర వేశాడు.

ఇంటికెళ్లి చెపితే సోములమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే మందు చెప్పింది. పొద్దున్నే నీళ్లు పారబోసేసి, లోపలికెళ్లి ఏమీ లేదని చెప్పాలి. అంతే.

"వాన పడితే పడనేదని సెప్పు మావా. వానకి కోపమేటి రాదు. బిళ్ళ పోతే మూట నీ నెత్తికెక్కుద్ది. ఆ కాలితో ఘాటీ ఏటి దిగుతావు?"

"గొట్టంలో కనబడతన్నాది గదే."

"గొట్టంలో నీకే కనబడతాది. ఆ బాబు ఎప్పుడైనా బయటికొచ్చి సూసినాడా?"

గాసి వినలేదు. ఇందులో సత్యవ్రతం ఏదో ఉందని ఎవరూ పొరబడనక్కర్లేదు. పనిలో పెట్టుకున్న రోజున, తప్పు చెపితే బిళ్ళ పీకేస్తామని వెనకటి గుమాస్తా భయపెట్టాడు. గాసి బిళ్ళ కోసమే నిజం చెపుతున్నాడు. నిజం చెప్పినందుకే బిళ్ళ పోయేలా ఉందన్న మాట అతనికి ఎలా తిప్పి ఆలోచించినా అందలేదు. మర్నాడు వెళ్లి ఒక అంగుళం ముప్పై సెంట్లు అన్నాడు.

డిప్యూటీ గారు జాగ్రత్తలు తీసుకున్నారు. మొదట గిన్నె చుట్టూ వెదురు దడి కట్టించి తాళం వేయించారు. తాళంచెవి జగన్నాథరావు మొలతాడుకు. అయినా గిన్నె నిండింది. గాసి దడి మీంచి పోస్తున్నాడని నిర్ధారణ చేసి, ఆగస్టు ఇరవయ్యో తేదీన గిన్నె మీద నాలుగు గుంజలు పాతి, గట్టిగా గడ్డి కప్పు వేయించారు. పైనుంచి ఎవడూ నీళ్లు పోయకుండా. కచేరీ కప్పుకు లేని మందం దానికి పెట్టించారు.

ఆ రోజు నుంచి వాన నిల్, వెదర్ ఫెయిర్. రెండు గడులూ మొదటిసారి కలిసిపోయాయి. గాసి రోజూ తాళం తీయించుకుని లోపలికెళ్లి, నిజంగానే ఏమీ లేని సీసాను చూసి, ఏమీ లేదని చెప్పాడు. కింది కచేరీ సంతృప్తి వెలిబుచ్చింది. కట్టుదిట్టం చేసిన క్షణం నుంచి వర్షపాతం నిలిచిపోవడమే కొలిచేవాడి నేరానికి తిరుగులేని రుజువు అని రాసింది. శిక్ష సంగతి సెప్టెంబరు సర్క్యూటులో చిన్నదొర గారు, అంటే కలెక్టరు తరవాతి తెల్లదొర, స్వయంగా తేలుస్తారు.

చిన్నదొర గారు సెప్టెంబరు పదో తేదీన జడివానలో ఎక్కి వచ్చారు. గుర్రం రెండుసార్లు కూలబడింది. ఆయన టోపీ అంచు నుంచి నీళ్లు ధారగా కారుతుంటే డిప్యూటీ గారు పూలదండ వేశారు. ఈ దేశం వచ్చి మూడేళ్లే అయినా ఆయనకు ప్రతి విషయం మీదా ఒక సిద్ధాంతం ఉండేది. కొండల్లో వాన ఒక మలుపులో పడి పక్క మలుపులో పడదని వాన మీద ఆయన సిద్ధాంతం. కనుక దారంతా తడవడానికీ, ఠాణా దగ్గర నిల్ ఉండడానికీ ఆయన బుర్రలో తగువు రాలేదు.

ఆయనతో పాటు పైడితల్లి అనే బట్లరు వచ్చాడు. విజయనగరం కంటోన్మెంటులో ఇరవై ఏళ్లు దొరల వంటిళ్లలో పనిచేసిన మనిషి. గాసి కట్టెలు మోసుకెళ్లి వంటింట్లో పడేసి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఏం కావాలన్నాడు పైడితల్లి. ఫెయిరంటే ఏటని అడిగాడు గాసి. కచేరీలో తన గురించి మాట్లాడినప్పుడల్లా ఆ ఒక్క మాటే వినిపిస్తోందని, అది తన మీద పెట్టిన నేరం పేరేమోనని అతని అనుమానం.

పైడితల్లి కోడి ఈకలు పీకుతూ వివరించాడు. దొరసాని ఒంటి రంగు తెలుపు, అదీ ఫెయిరే. కింద ఏటా ఎడ్లు అమ్మే పరస, అదీ ఫెయిరే. దొర తగువు తీర్చి ఇద్దరికీ సరిపోయిందంటే, అదీ ఫెయిరే.

"పొద్దున్న లేచి దొర ఫెయిర్ వెదర్ అన్నాడనుకో, మబ్బు నేదు, ఎండ కాసినాదని. అప్పుడు నేను కుర్చీలు బయటెయ్యాల. అన్నది నమ్మి ఓసారి మబ్బులో ఏసినాను, తిట్టినాడు."

"మా గుమాస్తాబాబు రోజూ వానలో అదే రాసినాడట."

"అయితే మీ బాబుకి ఇంగ్లీసు రాదు. సెప్పకు, నన్ను తంతాడు."

గాసి ఆ ఫెయిర్లన్నీ వేళ్ల మీద లెక్కపెట్టాడు. "మాకు తుంపరకో పేరు, ముసురుకో పేరు, జడికో పేరు. ఈళ్లకి రంగుకీ పరసకీ తగువుకీ ఎండకీ కలిపి ఒకటే మాటేటి? పేదోళ్లలాగున్నారు పాపం" అన్నాడు. పైడితల్లి ఈక నోట్లోకి పోయి దగ్గాడు.

మర్నాడు దొర దిగిన బంగళా వరండాలో తీర్పు. చిన్నదొర గారు కుర్చీలో, పక్కన రిజిస్టరు, వెనక జగన్నాథరావు, దుబాసీ పనికి డిప్యూటీ గారు. వరండా చూరు నుంచి నీళ్లు తెరలా పడుతున్నాయి. ఆ తెర అవతల గాసి నిలబడ్డాడు. దూరాన వానగిన్నె మీద గడ్డి కప్పు కనబడితే చిన్నదొర గారు దాన్ని మెచ్చుకున్నారు, సర్కారు సొత్తును ఇలా కాపాడాలి అన్నారు. తరవాత గాసి చెప్పుకునేది ఉంటే చెప్పుకోమన్నారు.

గాసి రాత్రంతా కూర్చుకున్న మాటలు రెండే. "ఫెయిరంటే ఎండ అట బాబూ. దొరగారు నిన్న నిలువునా తడిసి వచ్చినారు, అది ఫెయిరేనా అని దొరగారినే అడగండి."

జగన్నాథరావు ముఖం ఆ క్షణంలో చూడదగ్గది. ఫెయిర్‌కు సాపు కాక ఇంకో అర్థం ఉందన్న సంగతి అతనికి తెలియడం అదే మొదలు. చిన్నదొర గారికి తెలుగు రాదు కాని, కొండవాడి నోట ఇంగ్లీషు మాట ఒకటికి రెండుసార్లు వినబడింది. వీడు ఫెయిర్ అంటున్నాడేమిటని అడిగారు.

ముప్పై రెండు సంతకాలు ఇప్పుడు డెబ్భై దాటాయి. డిప్యూటీ గారు చేతులు కట్టుకుని, వంగి, చక్కటి ఇంగ్లీషులో తర్జుమా చేశారు. దొరవారు ఫెయిర్ అంటున్నాడండి.

చిన్నదొర గారి ముఖం విచ్చుకుంది. అక్షరం రాని కొండ మనిషికి కూడా తన న్యాయబుద్ధి తెలిసినందుకు ఆయన చలించారు. సర్క్యూటు డైరీలో ఆ సంగతి రాసుకున్నారు. ఇలా నమ్మినవాడి నమ్మకం వమ్ము చేయకూడదని, జైలుకు పంపే ఉద్దేశం విరమించుకున్నారు. తొలగించి ఊరుకోవాలని ఉత్తర్వు చేశారు. అది ఫెయిరుగా ఉందా అని డిప్యూటీ గారిని అడిగితే, చాలా ఫెయిరుగా ఉందండి అన్నారాయన. ఉత్తర్వును జగన్నాథరావు ఫెయిర్ చేశాడు.

తీర్పు గాసికి తెలుగులో చెప్పారు. బిళ్ళ తియ్యమన్నారు. తాడు ముడి తడిసి బిగిసిపోయి రాకపోతే కచేరీ జవాన్ల డఫేదారు కొడవలితో కోశాడు. దొర ఏమన్నాడని సోములమ్మ అడిగితే, నాకేటి తెల్దు, నవ్వినాడు అని చెప్పాడు గాసి.

చిన్నదొర గారు మర్నాడే కిందికి బయల్దేరాలి. సామాను పన్నెండు బళ్లకు సరిపడా ఉంది. ఘాటు రోడ్డును సర్కారు కాగితాల్లో ఫెయిర్ వెదర్ రోడ్డు అంటారు. అంటే వానల్లో ఎడ్లు దిగలేవు. కచేరీ రిజిస్టరు ప్రకారం ఎడ్లు దిగవచ్చు కనుక డిప్యూటీ గారు బళ్లే పురమాయించారు. బండివాళ్లు బురద చూసి కాడి దింపేశారు. ఎడ్లకు రిజిస్టరు చూపించే వీలు లేకపోయింది. ఇక మనుషులు మొయ్యాలి. చుట్టుపక్కల ఊళ్లకు పిలుపు వెళ్లింది, బిళ్ళలు లేని మగవాళ్లందరూ రావాలని.

అరవై నాలుగు మంది వచ్చారు. గాసి వంతుకు దీపాల పెట్టె వచ్చింది, తూకం రెండు మణుగుల మూడు వీశెలు. సోములమ్మ అతని మోకాలికి పాత చీర పేలిక చుట్టి కట్టింది. ఠాణా నుంచి శృంగవరపుకోట దిగడానికి తక్కిన అరవై ముగ్గురికీ రెండు రోజులు పట్టింది. గాసికి అయిదు రోజులు పట్టింది.